పదిహేనేళ్ళకు ఒక జవాబు, ఇరవై రెండేళ్ళకు ఇంకో జవాబు

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు ముందు రాస్తాను. మీ పాప తొమ్మిదో తరగతి. ఆరోగ్య పరిశోధన అని ఒక బృందం మీ ఊరికి వచ్చింది. వచ్చే వారం ఎత్తు, బరువు, బీపీ చూసి, రక్తం తీస్తారట. నాలుగైదేళ్ళకోసారి మళ్ళీ వస్తారట, పెళ్ళయి వేరే ఊరెళ్ళినా వెతుక్కుంటూ వస్తారట. ఒకసారి చూస్తే చాలదా, మాకేంటి లాభం, ఆడపిల్లని అడగరానివి అడుగుతారేమోనని టెన్షన్‌గా ఉంది, సంతకం పెట్టాలా వద్దా అని అడిగారు.

నేను డాక్టర్ని కాదు. పాలమూరు వైపు పల్లెల్లో ఇలాంటి ఒక అధ్యయనంలో ఇరవై రెండేళ్ళు ఫీల్డ్ పని చేశాను. పిల్లల్ని తూచడంతో మొదలుపెట్టాను కాబట్టి చాలా ఊళ్ళల్లో ఇప్పటికీ నా పేరు కాంటా మేడమే.

ఒకసారి చూస్తే చాలదా అన్నదానితోనే మొదలుపెడతాను, మిగతావన్నీ దాని వెనకే వస్తాయి. చాలదు. ఎందుకు చాలదో చెప్పే ఉదాహరణ మన దగ్గరే ఉంది.

1987లో హైదరాబాదుకు దగ్గర్లోని 29 ఊళ్ళల్లో జాతీయ పోషకాహార సంస్థ, అంటే తార్నాకలో ఉండే ఎన్ఐఎన్, ఒక పని పెట్టుకుంది. అంగన్‌వాడీ పథకం అప్పుడు ఒక్కో ప్రాంతానికీ విడతలుగా వస్తోంది. 15 ఊళ్ళకు వచ్చింది, 14 ఊళ్ళకు ఇంకా రాలేదు. వచ్చిన ఊళ్ళల్లో గర్భిణులకూ, ఆరేళ్ళలోపు పిల్లలకూ రోజూ మొక్కజొన్న, సోయా కలిపిన పిండితో ఉప్మా చేసి పెట్టారు. 1990 దాకా ఇది నడిచింది. పుట్టిన పిల్లల బరువు ఎంతుంటుందన్నదే అప్పటి ప్రశ్న.

2003లో మళ్ళీ ఆ ఊళ్ళకే వెళ్ళారు. ఉప్మా తిన్న తల్లుల పిల్లలు, తినని తల్లుల పిల్లలు అప్పటికి 13 నుంచి 18 ఏళ్ళ వాళ్ళు. 2005 దాకా 1165 మందిని పరీక్ష చేశారు. ఉప్మా ఊళ్ళ పిల్లలు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. వాళ్ళల్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్, అంటే ఒంట్లో ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం, సుమారు 20 శాతం తక్కువ. రక్తనాళాల బిరుసు కూడా కొంచెం తక్కువే. బీపీలో, కొలెస్ట్రాల్‌లో మాత్రం తేడా పెద్దగా కనిపించలేదు. సంజయ్ కిన్రా బృందం 2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్ని ప్రచురించింది. చదివినవాళ్ళు ఏమనుకుంటారు? కడుపులో ఉన్నప్పుడూ పసితనంలోనూ సరిగ్గా తిండి పెడితే పెద్దయ్యాక షుగరూ గుండెజబ్బూ తగ్గుతాయని. నేనూ అలాగే అనుకున్నాను.

వాళ్ళు అక్కడితో ఆగలేదు. అదే పిల్లలు ఇరవై దాటాక మళ్ళీ పిలిచి చూశారు. తర్వాత తల్లిదండ్రుల్నీ, తోబుట్టువుల్నీ కూడా కలిపారు. ఆంధ్రప్రదేశ్ పిల్లలు, తల్లిదండ్రుల అధ్యయనం అన్న పేరు అందుకే వచ్చింది, క్లుప్తంగా ఆప్‌క్యాప్స్ అంటారు. ఇరవై ఒకటి, ఇరవై రెండేళ్ళ వయసులో వాళ్ళ రక్తనాళాలు, బీపీ అన్నీ కొలిస్తే, తల్లి గర్భంతో ఉన్నప్పుడు తిన్న ఉప్మా వల్ల గుండెజబ్బుల ముప్పు తగ్గిందని చెప్పడానికి ఆధారం దొరకలేదు. ఈ ఫలితం 2020లో వచ్చింది.

అవే ఊళ్ళు, అవే ఇళ్ళు. పదిహేనేళ్ళప్పుడు ఒక జవాబు, ఇరవై రెండేళ్ళప్పుడు ఇంకో జవాబు. 2005లో ఆ టీము సామాను సర్దుకుని వెళ్ళిపోయి ఉంటే మన దగ్గర మొదటిదొక్కటే మిగిలేది.

అయితే ఉప్మా దండగ అని నేననను. అదే పిల్లల చదువు లెక్క తీస్తే, ఉప్మా ఊళ్ళ వాళ్ళు ముప్పాతిక తరగతికి పైగా ఎక్కువ చదివారని తేలింది. గుండె కోసం వెతికితే చదువులో దొరికింది. ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ ఊళ్ళను లాటరీ వేసి విడగొట్టలేదు, పథకం ముందు ఎక్కడికొస్తే అక్కడ. కాబట్టి ఆ రెండు రకాల ఊళ్ళ మధ్య మొదట్నుంచే వేరే తేడాలు ఉండి ఉండొచ్చు. ఈ సంగతి వాళ్ళే రాసుకున్నారు. అలా రాసుకున్నవాళ్ళనే నేను ఎక్కువ నమ్ముతాను.

యుక్తవయసు అంత తికమక పెట్టడానికి ఒంట్లోనే కారణం ఉంది. పిల్లలు పెద్దవుతున్న ఆ రెండుమూడేళ్ళల్లో ఇన్సులిన్ రెసిస్టెన్స్ దానంతటదే పెరుగుతుంది. అది జబ్బు కాదు, ఎదుగుదల అయిపోతుంటే మళ్ళీ దిగుతుంది. ఆడపిల్లలకు ఇది ముందు మొదలవుతుంది, మగపిల్లలకు ఏడాదో రెండేళ్ళో ఆలస్యంగా. ఒకే తరగతిలో, ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు పద్నాలుగేళ్ళ పిల్లల్లో ఒకరు ఆ మెట్ట ఎక్కుతూ ఉంటారు, ఒకరు దిగుతూ ఉంటారు. ఆ రోజు తీసిన రక్తం చూసి ఎవరికి షుగర్ వస్తుందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? అందుకే మీ పాపను పెద్దమనిషి అయిందా, ఎప్పుడు అని అడుగుతారు. అది చాలామందికి నచ్చదు. కానీ ఆ ఒక్కటి తెలియకపోతే మిగతా కొలతలకు అర్థమే ఉండదు.

ఢిల్లీలో ఇంతకంటే పాత అధ్యయనం ఉంది. 1969 నుంచి 1972 మధ్య పుట్టిన పిల్లల్ని డాక్టర్ సంతోష్ భార్గవ, ఆయన తోటివాళ్ళు పుట్టినప్పట్నుంచీ కొన్ని నెలలకోసారి కొలుస్తూ వచ్చారు. వాళ్ళల్లో 1492 మందికి 26 నుంచి 32 ఏళ్ళ వయసులో షుగర్ పరీక్ష చేశారు. అప్పటికే వందలో నలుగురికి పైగా షుగర్ ఉంది, ఇంకో పదిమందికి పైగా దాని గుమ్మం దాకా వచ్చి ఉన్నారు. చిన్నప్పుడు వీళ్ళు లావుగా ఉండేవాళ్ళేమో అని పాత కాగితాలు తీస్తే అలా ఏం లేదు. రెండేళ్ళ వయసులో వీళ్ళు తోటివాళ్ళకంటే సన్నం. పన్నెండేళ్ళకు కూడా వీళ్ళల్లో ఊబకాయం అనదగ్గవాళ్ళు ఒక్కరూ లేరు. తేడా అంతా ఎక్కిన తీరులో ఉంది. సన్నగా మొదలై, తమ వయసువాళ్ళను దాటుకుంటూ ఏడాదికేడాది బరువెక్కుతూ వచ్చారు. ఏ ఒక్క ఏడాది చూసినా మామూలు పిల్లలే. ఆ పిల్లలు బడిలో ఉండగా ఎవరైనా ఒకసారి వచ్చి తూచి వెళ్ళుంటే "అంతా బాగుంది" అని రాసుకునేవాళ్ళు.

మన బంధువుల్లోనే చూడండి, చిన్నప్పుడు పుల్లలా ఉండి, ముప్పై ఐదుకు పొట్టతో, షుగర్ మాత్రలతో ఉన్నవాళ్ళు ప్రతి ఇంట్లో ఒకరైనా ఉంటారు.

ఇక పని ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే మీ పాప చూడబోయేది ఇదే. 14 మిల్లీమీటర్ల తేడా అన్నాను కదా. అది వేలి వెడల్పు కంటే తక్కువ. పొద్దున్న కొలిస్తే ఉన్న ఎత్తు సాయంత్రానికి కొంచెం తగ్గుతుంది, వెన్నుపూసల మధ్య మెత్తటి భాగం రోజంతా నలిగి. తల నిండా పూలు, పైన కొప్పు ఉంటే ఇంకో రెండు సెంటీమీటర్లు వచ్చేస్తాయి. జడ విప్పమంటే ఆడపిల్లలు ఊరుకోరు, అమ్మ రెండు గంటలు కష్టపడి వేసింది మరి. మొదటి ఏడాది నేను మొహమాటపడి జడలు విప్పించలేదు. ఆ ఏడాది మా ఊళ్ళల్లో ఆడపిల్లలు అందరూ ఉన్నట్టుండి ఎత్తు పెరిగారు! మా పెద్ద సారు కాగితాలు చూసి నవ్వి, అన్నీ మళ్ళీ కొలిపించారు. ఆ తర్వాత నా సంచీలో దువ్వెన, రబ్బరు బ్యాండ్లు తప్పకుండా ఉండేవి. విప్పించేదాన్ని, కొలిచేదాన్ని, మళ్ళీ నేనే వేసేదాన్ని.

బరువు మిషను కూడా అంతే. మట్టినేల మీద పెడితే ఒకలా, బండ మీద పెడితే ఒకలా చూపిస్తుంది. రోజూ పొద్దున్నే ఒక అచ్చు బరువు పెట్టి సరిచూడకుండా ఎవరైనా మీ పాపను తూస్తుంటే, "మిషను చెక్ చేశారా" అని మీరే అడగండి. తప్పేం లేదు. బీపీ ఒకటికి మూడుసార్లు చూస్తారు, మొదటిది భయానికి పెరుగుతుంది కాబట్టి.

పుట్టినరోజు దగ్గర ఇంకో తమాషా. బడి సర్టిఫికెట్లలో చూస్తే సగం ఊరు జూన్‌లోనే పుట్టినట్టు ఉంటుంది. అసలు వయసు కోసం తల్లి పక్కన కూర్చుని, కృష్ణా పుష్కరాలకు ముందా తర్వాతా, అప్పటికి పాకుతున్నాడా నడుస్తున్నాడా అని లాగాలి. 1992 పుష్కరాలప్పుడు చంకలో ఉన్నవాడు 2004 పుష్కరాలకు మీసాలు మొలిచి సైకిలు తొక్కుతూ కనిపించేవాడు.

ఇన్నేళ్ళల్లో అన్నిటికంటే కష్టమైంది కొలవడం కాదు, మనిషిని దొరకబుచ్చుకోవడం. మగపిల్లలు ఇంటర్ తప్పగానే హైదరాబాదు, ముంబై, దుబాయ్. పాలమూరు సంగతి తెలిసిందే, వలస పోయేవాళ్ళ జిల్లా. ఊళ్ళో మిగిలినవాళ్ళను కొలిచి చేతులు దులుపుకుంటే లెక్క మొత్తం వంకర పోతుంది. బయటికి పోయేది ఒంట్లో సత్తువ ఉన్నవాడు, లేదా అప్పు గొంతు దాకా వచ్చినవాడు. ఇద్దరి ఒళ్ళూ ఊళ్ళో ఉండిపోయినవాడి ఒంటిలా ఉండవు. అందుకే సంక్రాంతికి, దసరాకు ఊళ్ళో దిగిన బస్సుల దగ్గర మా వాళ్ళు నిలబడేవాళ్ళు.

ఆడపిల్లల విషయంలో నేను ఒక తప్పు చేశాను, అది చెప్పాలి. పద్నాలుగేళ్ళప్పుడు నేను కొలిచిన ఒక అమ్మాయి పెళ్ళయి వేరే మండలం వెళ్ళింది. పదేళ్ళ తర్వాత అడ్రసు పట్టుకుని, పరగడుపు రక్తం కావాలి కదా అని, పొద్దున్నే ఆరు గంటలకు అత్తగారింటి ముందు జీపు ఆపాను. తెల్లకోటు వేసుకున్న ల్యాబ్ అబ్బాయి, నీలం రంగు డబ్బా. అత్తగారు వాకిట్లో ముగ్గు వేస్తోంది. చెయ్యి ఆపి నావైపు చూసి అడిగిన మొదటి మాట: "పెండ్లికి ముందు ఈ పిల్లకు ఏం రోగముండె?" నేనెంత చెప్పినా వినలేదు. ఆ అమ్మాయి తలుపు చాటున నిలబడి నావైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. ఆ రోజు రక్తం తీయలేదు. ఆ అమ్మాయి మళ్ళీ మా అధ్యయనంలోకి రాలేదు.

దాని తర్వాత పద్ధతి మార్చాం. అత్తగారింటికి అసలు వెళ్ళం. ముందు పుట్టింటివాళ్ళతో మాట్లాడి, ఆ అమ్మాయి ఒప్పుకుంటే, బతుకమ్మ పండక్కి ఆడబిడ్డలు పుట్టింటికి వచ్చినప్పుడు కలుస్తాం. తెల్లకోట్లు లేవు. పండగ పూట సద్దులు, పిండివంటలు తిని ఉంటారు కాబట్టి రక్తం మాత్రం పండగ దాటాక నాలుగో రోజు తీస్తాం. మీ దగ్గరికి వచ్చినవాళ్ళను ఇది కచ్చితంగా అడగండి: పెళ్ళయ్యాక మా అమ్మాయిని ఎక్కడ, ఎలా కలుస్తారు? సూటిగా జవాబు రాకపోతే వాళ్ళు ఇంకా ఆలోచించలేదన్నమాట. ఆలోచించి రమ్మనండి.

లాభం సంగతికి వస్తాను. నిజం చెప్పాలంటే మీ పాపకు నేరుగా వచ్చే లాభం తక్కువ. రక్తహీనత ఉంటే ముందే తెలుస్తుంది, బీపీ తేడాగా ఉంటే డాక్టర్ దగ్గరికి పంపిస్తారు. అంతకుమించి ఎవరైనా గొప్పలు చెబితే అనుమానించండి. మిగిలిన లాభం ఎప్పుడో, ఎవరికో వెళ్తుంది. యంగ్ లైవ్స్ అని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నడిపే అధ్యయనం ఉంది. ఇథియోపియా, పెరూ, వియత్నాంతో పాటు అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో మొదలైంది. ఇక్కడ మూడువేల మంది పిల్లలు, శ్రీకాకుళం నుంచి అనంతపురం దాకా, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాదు కలిపి. మొదలైన ఏడాదే కరువు. కరువు దెబ్బ తిన్న ఇళ్ళల్లోని చిన్నపిల్లలు ఎత్తులో, బరువులో వెనకబడ్డారు. 2003లో బళ్ళల్లో మధ్యాహ్న భోజనం మొదలైంది. కొన్నేళ్ళ తర్వాత అదే పిల్లల్ని మళ్ళీ కొలిస్తే, ఆ భోజనం తిన్నవాళ్ళల్లో కరువు చేసిన నష్టం పూడినట్టు తేలింది. ముందు కొలత లేకపోతే ఈ మాట చెప్పే వీలే లేదు. బడిలో పెట్టే అన్నం వృథా ఖర్చు అని ఎవరైనా అన్నప్పుడు ముందు పెట్టడానికి ఆ మూడువేల మంది కాగితాలు ఉన్నాయి. రాష్ట్రం రెండయింది, ఆ అధ్యయనం వాళ్ళు మాత్రం రెండువైపులా వెళ్తూనే ఉన్నారు. 2020లో లాక్‌డౌన్ వస్తే ఫోన్లు చేసి మాట్లాడారు.

కానీ ఊరివాళ్ళకు రావాల్సింది ఒకటి కచ్చితంగా ఉంది, అది రిపోర్టు. నేను పనిలో చేరిన కొత్తలో, మాకంటే ముందు వేరే ఒక బృందం ఒక ఊళ్ళో రక్తం తీసుకుని రిపోర్టులు ఇస్తామని చెప్పి ఇవ్వలేదు. మూడేళ్ళ తర్వాత మేం వెళ్తే ఊరి పెద్దమనిషి రచ్చబండ మీద నుంచి లేవకుండానే, "మా నెత్తురు అమ్ముకున్నరు గదా, ఇంకేం మిగిలిందని వచ్చిన్రు" అన్నాడు. ఏం సమాధానం చెబుతాం? ఆ ఊళ్ళో పని మొదలుపెట్టడానికి మాకు ఎనిమిది నెలలు పట్టింది. తప్పు ఆ ముందు వచ్చిన బృందానిది, కానీ ఆయన కోపంలో తప్పేం లేదు.

అడగరాని ప్రశ్నల సంగతి. అడుగుతారు, మీ దగ్గర దాచను. నెలసరి, మనసు దిగులుగా ఉంటోందా, సిగరెట్, మందు లాంటివి, కొంచెం పెద్దయ్యాక ఇంకొన్ని. ఈ భయం మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో 1991లో టీనేజీ పిల్లల మీద ఒక పెద్ద సర్వేను ఇలాంటి ప్రశ్నల గొడవ వల్లే ప్రభుత్వం ఆపేసింది. తర్వాత 1993లో వాళ్ళ పార్లమెంటే చట్టంలో రాసి, యుక్తవయసు ఆరోగ్యం మీద దేశవ్యాప్త అధ్యయనం చేయమంది. యాడ్ హెల్త్ అనే అధ్యయనం అలా పుట్టింది. 1994లో బడుల్లో సుమారు తొంభై వేల మందితో మొదలై, వాళ్ళల్లో ఇరవై వేల మందికి పైగా పిల్లల్ని ఇళ్ళల్లో కలిసి, నడివయసు దాకా వెంట నడుస్తూ వచ్చింది. ఇబ్బందికరమైన ప్రశ్నల్ని పిల్లల చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి వినిపించి, జవాబు ల్యాప్‌టాప్‌లో వాళ్ళనే నొక్కమన్నారు. పక్కన అమ్మ కూర్చున్నా ఏం అడిగారో, ఏం చెప్పారో తెలియదు. మన దగ్గర కూడా ఆడపిల్లను ఆడమనిషే, విడిగా కూర్చోబెట్టి అడగాలి. మీరు పక్కనే ఉంటానంటే మీ పాప నిజం చెప్పదు. అది నచ్చకపోతే ఆ భాగం వద్దనండి. ఏ ప్రశ్ననైనా దాటేసే హక్కు పాపకు ఉంది.

సంతకం విషయంలో ఒకటి చాలామందికి తెలియదు. మీ ఒక్కరి సంతకం సరిపోదు. భారత వైద్య పరిశోధన మండలి నియమాల ప్రకారం పన్నెండేళ్ళు దాటిన పిల్లల దగ్గర కూడా విడిగా, రాతలో ఒప్పుకోలు తీసుకోవాలి. మీరు సరే అన్నా పాప వద్దంటే వద్దే. పద్దెనిమిది నిండాక మళ్ళీ కొత్తగా తన సంతకమే తీసుకోవాలి, అప్పుడు మీ మాట చెల్లదు. ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మానేసినందుకు మీ ఊరి దవాఖానాలో మీకు జరిగే వైద్యం ఆగకూడదు. కాగితం తెలుగులో ఉందా, ఎథిక్స్ కమిటీ, అంటే పరిశోధనలో మనుషులకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, వాళ్ళ ఫోన్ నంబరు దాని మీద ఉందా, దాచిన రక్తాన్ని తర్వాత ఇంకే పరీక్షకు వాడతారో రాశారా చూసుకోండి. ఒక కాపీ మీ దగ్గర ఉంచుకోండి. పేరుకు బదులు ఒక నంబరు ఇస్తారు. ల్యాబ్‌కు, కంప్యూటర్‌కు వెళ్ళేది ఆ నంబరే. పేరూ నంబరూ కలిపి ఉన్న పుస్తకం ఎవరి దగ్గర, ఏ తాళం కింద ఉంటుందో కూడా అడగండి. నన్ను ఇరవై రెండేళ్ళల్లో ఆ ప్రశ్న అడిగింది ఇద్దరే, ఒకరు బడి పంతులు, ఇంకొకరు కల్లు దుకాణం ఆయన.

నేనైతే మా అమ్మాయిని చేర్పించాను, వేరే ఒక అధ్యయనంలో. రెండు రౌండ్లు వెళ్ళింది, మూడోసారి ఉద్యోగం కొత్త, సెలవు దొరకలేదని మానేసింది. ఫీల్డ్ మనిషిగా నాకు చిరాకేసింది, తల్లిగా నోరు మూసుకున్నాను.

మీరు ఒప్పుకుంటే ఒక్క సంగతి. ముందురోజు రాత్రి అన్నం తిన్నాక మళ్ళీ రక్తం తీసేదాకా మంచినీళ్ళు తప్ప ఏమీ వద్దు. పొద్దున్నే "టీయే కదా మేడం" అని ఒక గుక్క తాగి వచ్చేవాళ్ళు ప్రతి ఊళ్ళో ఉంటారు. ఆ టీలో పాలూ చక్కెరా ఉంటాయి, ఆ శాంపిల్ ఇక పరగడుపుది కాదు. పాపకు మర్నాడు మళ్ళీ సూది పడుతుంది.